ముల్లు బతికే ఉన్నాడు

రైలుకట్ట పక్క వీధి, మేడమీద గది
జనవరి

పూర్వ విద్యార్థుల పత్రిక సంపాదకుల వారికి,

మీ కొత్త సంచిక నిన్న నా కంటబడింది. పోస్టులో రాలేదు. ఉద్యోగంలో నా తరవాత లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా వచ్చినాయన దాన్ని చేత్తో పట్టుకుని, చివరి రోజుల్లో నేను ఈ గదిలో ఉండేవాణ్ణని ఎవరో చెబితే, ఇంటివాళ్ళని పలకరించి పోదామని వచ్చాడు. తలుపు తీసింది నేను. పాపం, రెండు మెట్లు వెనక్కి దిగాడు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పత్రిక తీసుకుని చదివాను.

శ్రద్ధాంజలి పేజీలో నా ఫొటో వేశారు. దాని కింద, "మన మెకానికల్ బ్యాచ్ 'ముల్లు' మనల్ని విడిచి వెళ్ళిపోయాడని తెలపడానికి చింతిస్తున్నాం. మాట కటువైనా మనసు వెన్న" అని రాశారు. నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, నేను ఎక్కడికీ వెళ్ళలేదు. రెండోది ఆ వెన్న. ఇరవై ఏళ్ళ పైగా, నలుగురు పాత మిత్రులు కలిసిన ప్రతిచోటా మీరు నన్ను తిడుతున్నారని నాకు తెలుసు. అలాంటి మీకు ఆ వెన్న ఎప్పుడు, ఎక్కడ తగిలింది?

ఫొటో గురించి కూడా చెప్పాలి. మూడో సంవత్సరంలో అందరం తీయించుకున్న ఫొటోలోంచి నన్ను కత్తిరించారు. కత్తిరించడం సరిగ్గా రాక నా భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. ఆ చెయ్యి మీదే. ముందు దాన్ని కత్తిరించి ఉండాల్సింది.

వచ్చే సంచికలో, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో నేను బతికున్నానని వేయాలి. జవాబు ఈ గది చిరునామాకే రాయండి. ఇంటికి వద్దు.

ఇట్లు,
మాజీ లిఫ్టుల ఇన్‌స్పెక్టరు


బజారు వీధి, లిఫ్టు సర్వీసు దుకాణం
జనవరి

ఇన్‌స్పెక్టరు గారికి,

తమరి ఉత్తరం అందింది. తమరు సజీవంగా ఉన్నారని తెలిసింది. మా ఆవిడ మీ ఉత్తరం చదివి, "ఈ కోపం చూస్తే బతికున్నట్టే ఉంది" అని తేల్చేసింది.

జరిగింది చెబుతాను. 'మనవాళ్ళ కబుర్లు' శీర్షిక కోసం ఏడాదికోసారి బ్యాచ్‌లో అందరికీ కార్డు రాస్తాను. ఏం ఉద్యోగం, పిల్లలెంతమంది, వాళ్ళేం చేస్తున్నారు, ఇంతే. జవాబు రానివాళ్ళకి ఫోను చేస్తాను. తమరు ఒక్క ఏడాదీ జవాబు రాయలేదు. తమరి గొంతు వినాలని ఉబలాటపడి ఫోను చేశానని అనుకోవద్దు. ఎవరి కబురైనా రాకపోతే కమిటీ నన్ను అడుగుతుంది.

ఒకావిడ తీసింది. మీరు ఉన్నారా అని అడిగాను. "ఆయన లేరండి" అంది. బయటికి వెళ్ళారేమో, మళ్ళీ చేద్దామనుకునేలోగా ఆవిడే, "మూడేళ్ళు దాటింది" అంది. అబద్ధమెందుకు, నా గుండె గుభేలుమంది. ఎలా జరిగిందమ్మా అని అడిగాను. "అదంతా ఇప్పుడెందుకులెండి" అని ఫోను పెట్టేసింది. ఇంతకన్నా ఎవరైనా ఏం చెబుతారు? మరణ ధ్రువపత్రం చదివి వినిపించమని అడగమంటారా?

వెన్న సంగతికొస్తే, అది తమరి కోసం ప్రత్యేకంగా రాసింది కాదు. పోయినవాళ్ళందరికీ అదే వాక్యం వేస్తాను. ఇంతవరకూ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మా పత్రికలో దిద్దుబాట్లు ఉత్తినే వేయం. అందరిలాగే తమరు కూడా ఉద్యోగం గురించీ కుటుంబం గురించీ నాలుగు ముక్కలు రాసి పంపితే, 'మనవాళ్ళ కబుర్లు'లో వేస్తాం. అదే బతికున్నారనడానికి రుజువు. ఈలోగా నాదొక చిన్న సందేహం. మూడేళ్ళుగా ఇంట్లో లేని మనిషి ఎక్కడ ఉన్నట్టు?

ఇట్లు,
సంపాదకుడు


రైలుకట్ట పక్క వీధి, మేడమీద గది
ఫిబ్రవరి

సంపాదకుల వారికి,

అడిగిన నాలుగు ముక్కలూ ఇవి. ఉద్యోగం: ప్రభుత్వ లిఫ్టుల తనిఖీ శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరి, సీనియర్ ఇన్‌స్పెక్టరుగా విరమణ. కుటుంబం: భార్య, ఒక కూతురు. కూతురు కూడా ఇంజనీరే. అందరూ క్షేమం.

మీ సందేహానికి జవాబు చెప్పాల్సిన అవసరం నాకు లేదు. అయినా లేనిపోనివి పుట్టిస్తారు కాబట్టి చెబుతున్నాను. తనిఖీ అనుభవాల మీద ఒక పుస్తకం రాస్తున్నాను. ఇంట్లో సందడి. అందుకని విడిగా గది తీసుకున్నాను. కాలేజీలో మిమ్మల్ని 'రేడియో' అని ఊరికే అనలేదు. ఎవరింట్లో ఏం జరుగుతోందో హాస్టలంతటికీ మీ గదిలోంచే తెలిసేది. ఈ వయసులోనైనా కాస్త గొంతు తగ్గించండి.

అన్నట్టు నా పుస్తకంలో ఒక ఆసుపత్రి లిఫ్టు గురించి ఒక అధ్యాయం ఉంది. పేర్లు వేయను. చదివితే మీకు మాత్రం తెలుస్తుంది.

ఇట్లు,
మాజీ ఇన్‌స్పెక్టరు


బజారు వీధి, దుకాణం
ఫిబ్రవరి

నీకు,

నా మర్యాద ఒక్క ఉత్తరానికే సరిపోయింది. ఇక మీరూ గారూ నావల్ల కాదు.

ఆసుపత్రి లిఫ్టు మీద అధ్యాయం రాస్తావా? రాయి. నేను చెప్పేది కూడా అందులో కలిపి రాయి. చదువయ్యాక మనిద్దరం ఒకే రేకుల షెడ్డులో నాలుగేళ్ళు లిఫ్టు క్యాబిన్లు చేశాం. ఒకే క్యారేజీ విప్పుకుని తిన్నాం. ఉన్నట్టుండి ఒకరోజు, ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందని షెడ్డు తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళిపోయావు. ఎందుకని అడిగితే, "జీతం వస్తుంది" అన్నావు. అంతే. నీ పెళ్ళికి కూడా పిలవలేదు.

షెడ్డుని నేను నిలబెట్టాను. అది కంపెనీ అయింది. మొదటి పెద్ద పని ఆ ఆసుపత్రిది. మంచంతో సహా రోగిని పైకి తీసుకెళ్ళే లిఫ్టు. తనిఖీకి ఎవరొస్తారా అని చూస్తుంటే నువ్వొచ్చావు. నేను నవ్వుతూ ఎదురొచ్చాను. నువ్వు నా మొహం చూడకుండా లిఫ్టు కింది గొయ్యిలోకి దిగావు. తాడు తెగితే క్యాబిన్ పడిపోకుండా పట్టాల్ని కరిచి పట్టుకునే బిగింపులు అటొకటీ ఇటొకటీ ఉంటాయి కదా, రెండూ పట్టుకున్నాయి. ఒకటి వెంట్రుకవాసి ఆలస్యంగా పట్టుకుందని, ఎవరూ ఎక్కకూడదని సీలు వేశావు. ప్రారంభానికి వచ్చిన పెద్దమనుషులు నన్ను చూసుకుంటూ మెట్లెక్కారు. పని వేరేవాళ్ళకి పోయింది. ఆ మాట ఊరంతా పాకి, ఏడాది తిరక్కుండా కంపెనీ మూతపడింది. అప్పట్నుంచీ వేరేవాళ్ళు పెట్టిన లిఫ్టులకి గ్రీజు రాసి బతుకుతున్నాను.

అది తనిఖీ కాదు, కక్ష. తను వదిలేసి పోయినవాడు పైకొస్తుంటే చూడలేకపోయిన మనిషి కక్ష.

ఇక నీ "అందరూ క్షేమం". ఈ శీర్షిక ఇన్నేళ్ళుగా నడుపుతున్నవాణ్ణి. ఉద్యోగం ఊడినవాడు 'సలహాదారుగా ఉన్నాను' అని రాస్తాడు. కొడుకు మాట వినడం మానేస్తే 'మావాడివి స్వతంత్ర భావాలు' అని రాస్తాడు. పుస్తకం రాసుకోవడానికి విడిగా గది తీసుకున్నవాడు ఏమయ్యాడో నాకు తెలియదనుకుంటున్నావా?

నా మాట నమ్మి బ్యాచ్‌లో సగంమంది మీ ఆవిడకి సానుభూతి ఉత్తరాలు రాశారు. ఆ పాపం నాది కాబట్టి క్షమాపణ చెప్పుకోవాలి. ఆదివారం మీ ఇంటికి వెళ్తున్నాను.

రేడియో


రైలుకట్ట పక్క వీధి
ఫిబ్రవరి

రేడియో,

వెళ్ళొద్దు. పత్రికలో నువ్వు దిద్దుబాటు వేయకపోయినా పరవాలేదు. చచ్చినట్టే ఉంటాను. ఆ మెట్లు ఎక్కొద్దు.

ఎక్కావో, మన మధ్య ఇప్పటిదాకా ఉన్నదాన్ని స్నేహం అనుకోవాల్సి వస్తుంది.

ముల్లు


బజారు వీధి, దుకాణం
మార్చి

ముల్లూ,

నీ ఉత్తరం సోమవారం అందింది. నేను ఆదివారమే ఎక్కాను.

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు ఇల్లు మూడో అంతస్తు, దానికి లిఫ్టు లేదు. కట్టినప్పుడు లిఫ్టు కోసం వదిలిన గొయ్యిలో విరిగిన కుర్చీలూ పాత పరుపులూ ఉన్నాయి. రెండో అంతస్తులో ఆగి ఊపిరి పీల్చుకుంటూ నిన్ను తిట్టుకున్నాను. పైకి వెళ్ళేసరికి ఆవిడ తలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్ళు పట్టేశాయట. కిందికి దిగి రెండు నెలలైందంది.

నేను ఫలానా అని చెప్పగానే, "లోపలికి రండి అన్నయ్యగారూ" అంది. అంటే ఇప్పుడు నువ్వు నాకు బావవి. ఈ చుట్టరికం నాకూ ఇష్టం లేదు, ఏం చేస్తాం.

టీ ఇచ్చింది. మనవాళ్ళు రాసిన ఉత్తరాలు బల్లమీద పెట్టింది. అన్నీ చదివిందట. ఆయన బతికే ఉన్నారని ఒక్కరికైనా రాయలేదేమమ్మా అని అడిగాను. ఆవిడ ఉత్తరాలు దొంతిగా సర్దుతూ ఇలా అంది: "ఆయన గురించి అంతమంది మంచిమాట చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆపబుద్ధి కాలేదు."

తరవాత నేను అడక్కుండానే మిగతాది చెప్పింది. మీ అమ్మాయి ఒక లిఫ్టు కంపెనీలో చేరడం, కొత్తగా కట్టిన పది అంతస్తుల ఇళ్ళకి తనే దగ్గరుండి లిఫ్టు పెట్టించడం, తనిఖీకి నువ్వు రావడం, నువ్వు దానికి సీలు వేయడం, ఆ పిల్ల ఉద్యోగం పోవడం.

సీలు వేసినందుకు కోపమా అని అడిగాను. కాదంది. సీలు వేశాక, కాగితంలో రాయడానికి, ఇంటి యజమాని ముందూ పనివాళ్ళ ముందూ నీ కూతుర్ని నువ్వు, "మీ పేరేంటి?" అని అడిగావట. పిల్ల చెప్పిందట. నువ్వు రాసుకున్నావట. ఆవిడ ఆ మాట చెబుతున్నప్పుడు నావైపు చూడలేదు, కిటికీవైపు చూసింది.

నేను మెట్లు దిగుతుంటే నాకు జాలి వేయలేదు, ఒళ్ళు మండింది. ఎందుకో చెబుతాను, జాగ్రత్తగా చదువు. నామీద కక్షతో నువ్వు నా లిఫ్టు ఆపావన్న నమ్మకం మీద నేను ఇన్నేళ్ళు బతికాను. వ్యాపారం పోయింది, మా ఆవిడ ఉద్యోగానికి వెళ్ళాల్సి వచ్చింది, నాలుగు ఊళ్ళు తిరిగాను. ప్రతిసారీ, ఇదంతా ఆ ముల్లు చేసిందేగా అనుకుంటే కాస్త ఊరటగా ఉండేది. సొంత కూతురి లిఫ్టుకి సీలు వేసినవాడికి నామీద ప్రత్యేకంగా కక్ష ఏముంటుంది? నువ్వు నన్ను పట్టించుకోనే లేదన్నమాట. బిగింపు చూశావు, సీలు వేశావు, పోయావు. నా చేతిలోంచి అది కూడా లాక్కున్నావు.

ఇంకొక్క ప్రశ్న. చట్టమంటే అంత ప్రాణమైనవాడివి, కూతురు పెట్టించిన లిఫ్టు తనిఖీకి నువ్వెలా వెళ్ళావు? ఇంకొకణ్ణి పంపాలి కదా?

రేడియో


రైలుకట్ట పక్క వీధి
ఏప్రిల్

రేడియో,

వద్దన్నా వెళ్ళావు. మా ఇంట్లో టీ తాగావు. ఇప్పుడు నన్ను విచారిస్తున్నావు. నువ్వేమైనా జడ్జివా?

చివరి ప్రశ్నకి జవాబు. ఆ వారం రెండో ఇన్‌స్పెక్టరు సెలవులో ఉన్నాడు. కాగితాల మీద కంపెనీ పేరే ఉంది. ఎక్కడ పని చేస్తోందో అమ్మాయి ఇంట్లో చెప్పేది కాదు, నేను అడిగేవాణ్ణి కాదు. వెళ్ళేసరికి నెత్తిన రక్షణ టోపీ పెట్టుకుని అక్కడ నిలబడి ఉంది. అప్పుడు వెనక్కి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే కూతురి పని చూడ్డానికి ఇన్‌స్పెక్టరు భయపడ్డాడని అందరూ అనుకునేవారు. ఉండిపోయాను.

పూర్తి బరువు వేసి బ్రేకు పరీక్షించామని కాగితంలో సంతకం పెట్టింది. క్యాబిన్‌లో నేలమీద ప్లాస్టిక్ కాగితం పరిచి ఉంది, గీత లేదు, మడత లేదు. అంత బరువు ఇనప దిమ్మలు మోసుకొచ్చి వేస్తే అది చిరక్కుండా ఎలా ఉంటుంది? బరువులు రాలేదు. యజమాని తొందరపెట్టాడు. పిల్ల సంతకం పెట్టేసింది. అందులో రేపు పదిమంది ఎక్కుతారు. నేనేం చేయాలి, చెప్పు.

పేరు అడగడం రూలు. బాధ్యుల పేరు వాళ్ళ నోటితోనే చెప్పించి రాసుకోవాలి. ప్రతిచోటా అడిగాను. నిన్నూ అడిగాను, మర్చిపోయావా? నువ్వు నీ పేరు చెప్పకుండా నా ఇంటిపేరు ఎత్తి తిట్టావు.

ఇంట్లోంచి నన్నెవరూ పొమ్మనలేదు. నేను లోపలికి రాగానే తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం ఆపేసేవారు. నా కంచం బల్లమీద మూతపెట్టి ఉండేది. ఒక నెల చూశాను. ఇక్కడ నాతో పనిలేదనుకున్నాను, గది చూసుకున్నాను. ఇందులో పత్రికకి పనికొచ్చేది ఏమీ లేదు.

ఇక నీ కక్ష పోయిందని ఏడుస్తున్నావు. నీ బిగింపు వెంట్రుకవాసి కాదు, దానికన్నా బాగా ఆలస్యంగా పట్టింది. క్యాబిన్ పక్కకి ఒరుగుతుంది. మంచం మీద రోగి ఉంటాడు. అంతే నాకు తెలిసింది. నువ్వు తిట్టుకోవడానికి ఇంకెవర్నైనా వెతుక్కో.

ముల్లు


బజారు వీధి, దుకాణం
జూన్

ముల్లూ,

'మనవాళ్ళ కబుర్లు'లో నీ దిద్దుబాటు వేశాను. చూశావో లేదో. "ముల్లు బతికే ఉన్నాడు. ఎప్పటిలాగే ఉన్నాడు. మిత్రులు ఇక సానుభూతి ఉత్తరాలు రాయనవసరం లేదు." ఉద్యోగం ముక్క నువ్వు రాసిందే వేశాను. కుటుంబం ముక్క తీసేశాను. "అందరూ క్షేమం" అని నా పత్రికలో అబద్ధం వేయలేను.

అసలు ఇది రాస్తున్నది వేరే పనిమీద. మీ మేడలో వాళ్ళందరూ కలిసి ఆ గొయ్యి శుభ్రం చేయించి లిఫ్టు పెట్టించుకోవాలని నిర్ణయించారు. మీ ఆవిడ నా పేరు చెప్పింది. పని నాకొచ్చింది. ఆసుపత్రి తరవాత నా చేతుల మీద పెట్టే మొదటి కొత్త లిఫ్టు ఇదే. సర్వీసు దుకాణం వాడికి ఇదేం తెలుసని వాళ్ళలో ఒకాయన అన్నాడట. అన్నయ్యగారి మీద నాకు నమ్మకం ఉందని ఆవిడ అందట. మా ఆవిడకి ఆ మాట చెబితే లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మీ అమ్మాయి ఇప్పుడు రేవులో సరుకులెత్తే క్రేన్ల మరమ్మతు చేస్తోంది, నీకు తెలుసో లేదో. ఆదివారాలు తల్లి దగ్గరికి వస్తుంది. మొన్న గొయ్యిలోకి దిగి నా పట్టాలు చూసింది. "మావయ్యా, ఎడమది కింద కొంచెం లోపలికి ఉంది" అంది. అదేం లేదన్నాను. గుండు కట్టిన తూకపు దారం వేలాడదీసి చూపించింది. లోపలికే ఉంది. నోరు నీదే. కాకపోతే చెప్పాక సీలు వేయలేదు, చొక్కా చేతులు మడిచి నాతోపాటు సరిచేసింది.

ఇప్పుడు అసలు సంగతి. లిఫ్టు పూర్తి కావస్తోంది. నీ తరవాత వచ్చిన ఇన్‌స్పెక్టరు వచ్చి తనిఖీ చేస్తాడు. ఆ మాట చెబితే మీ ఆవిడ, "ఆయన చూస్తేగానీ నేనెక్కను" అంది. కొత్త ఇన్‌స్పెక్టరు గురించి కాదని అర్థమైంది. అర్థం కానట్టు మొహం పెట్టి అడిగాను. "ఆయన మనిషి ఎలాంటివాడైనా, ఆయన బాగుందన్న లిఫ్టు ఎక్కడా పడలేదు" అంది.

నిన్ను పిలవాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నువ్వు ఈసారి కూడా నా పని ఆపితే మూడంతస్తులు ఎక్కేది పెద్దమనుషులు కాదు, ఆ మోకాళ్ళతో మీ ఆవిడ. ఆలోచించుకో.

రేడియో


రైలుకట్ట పక్క వీధి
జులై

రేడియో,

నేను విరమణ చేశాను. నాకు అధికారం లేదు. బాగుందన్నా బాగాలేదన్నా నా మాట ఎక్కడా చెల్లదు. రాను.

పిలిచింది ఆవిడేనా, లేక నువ్వు కల్పించావా? ఆమె ఆ మాట ఎవరెవరు ఉండగా అంది?

వచ్చేటట్టయితే పూర్తి బరువు ఉండాలి. దిమ్మలు నా కళ్ళముందు లెక్కపెట్టి లోపల పెట్టాలి. బిగింపు పరీక్ష జరుగుతున్నప్పుడు నేను క్యాబిన్ లోపల ఉంటాను. పైనుంచి చూసి చెప్పడం నాకు కుదరదు. నువ్వు మోటారు గదిలో ఉండు, నా పక్కన నిలబడి వాగొద్దు. బాగాలేకపోతే బాగాలేదనే అంటాను, మా ఆవిడ వింటున్నా సరే.

ఆదివారమైతే అమ్మాయి ఉంటుంది కదా. ఇంకో రోజు పెట్టు.

ముల్లు


బజారు వీధి, దుకాణం
జులై

ముల్లూ,

ఆదివారమే. ఆ పిల్లని అడిగాను. "ఇన్‌స్పెక్టరు వస్తే నాకేంటి" అంది. వస్తే రా, లేకపోతే మానెయ్.

రేడియో


బజారు వీధి, దుకాణం
ఆగస్టు

ముల్లూ,

నువ్వు గుమ్మంలో నిలబడి నాకు నమస్కారం పెట్టకపోయినా, టోపీ కోసం చెయ్యి చాచినప్పుడు మీ అమ్మాయి తనది తీసి ఇచ్చింది, చూశాను. నువ్వు క్యాబిన్‌లోకి ఎక్కాక తను కూడా ఎక్కింది. ఇద్దరెందుకు, ఒకళ్ళు చాలన్నావు. "నా బరువు కూడా లెక్కలో ఉంది, నేను చూసుకుంటాను" అని తలుపు వేసేసింది.

తరవాత నేను పైన మోటారు గదిలో ఉన్నాను, అందుకే ఇది రాస్తున్నాను. నువ్వు చెప్పినట్టే క్యాబిన్ దిగుతుండగా వేగం మించితే బిగింపుల్ని లాగే తాడుని చేత్తో బిగించి ఆపాను. క్యాబిన్ పట్టాల మీద ఆగింది. ఒక్క చప్పుడే వచ్చింది. రెండు కాదు, ఒక్కటి. రెండు పక్కలా ఒకేసారి కరిచిపట్టాయని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. అక్కడే మోటారు పక్కన కూర్చుండిపోయాను. నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. గ్రీజు చేత్తో తుడుచుకుంటే ఇంకా మండాయి.

ఆ తరవాత మిమ్మల్ని పైకి లాగి విడిపించబోతే మోటారుని చేత్తో తిప్పే చక్రం కదల్లేదు. దాంతో కుస్తీ పడుతున్నంతసేపూ మీరిద్దరూ మొదటి అంతస్తుకీ రెండోదానికీ మధ్య ఇరుక్కుని ఉన్నారు. కింది నుంచి ఒక్క మాటా వినిపించలేదు. మీ ఆవిడ మూడో అంతస్తులో రెయిలింగు పట్టుకుని, "లోపల మాట్లాడుకుంటున్నారా?" అని రెండుసార్లు నన్ను అడిగింది. ఏమని చెప్పను?

మీరు బయటికొచ్చాక నువ్వు నేరుగా రెండో అంతస్తులో లిఫ్టు తలుపు దగ్గరికి వెళ్ళి, తాళం వదులుగా ఉంది, లాగితే తెరుచుకుంటోంది, ఇది బాగుచేసేదాకా ఎవరూ ఎక్కడానికి వీల్లేదని తేల్చేశావు. బిగింపుల గురించి ఒక్క మంచి ముక్క అనలేదు. మీ ఆవిడ పైనుంచి విని లోపలికి వెళ్ళిపోయింది. నేను సామాను సర్దుకుని వచ్చేశాను. నువ్వు ఎప్పుడు వెళ్ళావో కూడా చూడలేదు.

తాళం సరే, బాగుచేస్తాను. లోపల ఏం జరిగింది? మీ ఆవిడకి అన్నయ్యని కాబట్టి అడిగే హక్కు నాకుంది.

రేడియో


మూడో అంతస్తు, ముందు గది
ఆగస్టు

రేడియో,

నీ ఉత్తరం గదికి వెళ్ళి ఆలస్యంగా నాకు చేరింది. చిరునామా పైన రాశాను చూడు.

లోపల ఏం జరిగిందో చెబితే ఊరంతా చెబుతావు. అయినా చెబుతాను, లేకపోతే ఇంతకన్నా ఘోరంగా కల్పిస్తావు. క్యాబిన్ ఆగాక నేను వంగి పట్టాల మీద బిగింపు పడిన గుర్తులు చూస్తున్నాను. అమ్మాయి దిమ్మల మీద కూర్చుంది. నువ్వు పైన చక్రంతో తంటాలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడంది. "ఉద్యోగం పోయినందుకు నాకు మీమీద కోపం లేదు నాన్నా. బరువులు రాలేదు, నేను సంతకం పెట్టాను, మీరు సీలు వేశారు. అది అక్కడితో అయిపోయింది. మీరు ఇంట్లోంచి వెళ్ళిపోయినందుకు ఉంది."

నేను ఇంకో పక్క గుర్తు మీద వేలు పెట్టి చూస్తున్నాను.

"సీలు వేసి వెళ్ళిపోవడం మీ ఉద్యోగం" అంది. "బయట అలాగే చేయాలేమో. ఇంట్లో సీలు వేసినవాళ్ళు, అది బాగయ్యేదాకా అక్కడే ఉండాలి."

దానికి నేనేమన్నానో తెలుసా? ఎడమవైపు గుర్తు చూడు, కుడివైపు గుర్తు చూడు అన్నాను. నా బుద్ధి అంతే. అమ్మాయి లేచి నా పక్కన వంగి రెండూ చూసింది. సమంగా ఉన్నాయంది. సమంగానే ఉన్నాయన్నాను. ఇంతలో నువ్వు లాగావు. మీ అన్నాచెల్లెళ్ళిద్దరికీ కావలసిన సంభాషణ ఇదే.

నీ బిగింపులు బాగున్నాయి. ఇది ఒక్కసారే రాస్తాను, పత్రికలో వేయొద్దు.

నువ్వు సామాను సర్దుకుని వెళ్ళాక నేను మెట్ల దగ్గర నిలబడ్డాను, కిందికి దిగాలా పైకెక్కాలా అని. అమ్మాయి నన్ను దాటుకుని పైకెళ్ళింది. పైనుంచి ఆవిడ గొంతు వినిపించింది, ఆ తాళం బాగవడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతోంది. భాగం తెప్పించాలి, వారం పదిరోజులు అని మీ మేనకోడలు చెప్పింది. తరవాత ఆవిడ రెయిలింగు దగ్గరికొచ్చి, "అయితే అప్పటిదాకా ఉండమను" అంది. నాతో అనలేదు, అమ్మాయితో అంది. నేను కిందే ఉన్నాను, వినిపించింది.

పైకి వెళ్ళేసరికి ముందు గదిలో దిండూ దుప్పటీ ఉన్నాయి. ఇప్పటికి నాతో ఆవిడ మాట్లాడింది తక్కువ. ఉప్పు అందుకోండి, తలుపు వేయండి, ఇలాంటివే. కంచం మీద మాత్రం మూత పెట్టడం లేదు. పాలకీ కూరలకీ నేనే దిగి ఎక్కుతున్నాను. నీ లిఫ్టు పక్కనుంచి వెళుతున్నప్పుడల్లా ఆ తాళం లాగి చూస్తున్నాను, ఇంకా వదులుగానే ఉంది.

నిన్న నువ్వు అమ్మాయికి ఫోను చేసి, ఎక్కడో పాత భాగం ఒకటి దొరికింది, వచ్చే ఆదివారమే వచ్చి బిగించేస్తానన్నావట. వద్దు. పాతది పెట్టొద్దు. ఆ కంపెనీదే కొత్తది తెప్పించు. రావడానికి నెల పడుతుందంటే నెల ఆగు. జీవితంలో ఒక్క పనీ వేళకి చేయనివాడివి, ఈ ఒక్కసారికి నేనేమీ అనను.

ముల్లు